శోకం పెట్టని చావు

ఉత్సవం మొదలైందంటే మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ మూడు వారాలు కూడా రాదు. యూనివర్సిటీ వాళ్ళ కళోత్సవం అది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో శనివారాలు ఆడిటోరియంలో నాటకాలు, నాట్యాలు, బుధవారాలు మ్యూజియంలో ఏదో ఒక కార్యక్రమం. దానికి కన్వీనరు మా ఆయన రాంప్రసాద్, అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసరు. నేను ఆ మ్యూజియంలో సంవిదా ఉద్యోగిని, అంటే ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెట్టించుకుని మళ్ళీ పనిలోకి తీసుకునే మనిషిని. అద్దాల బీరువాలు తుడవడం, వస్తువుల కింద చీటీలు అతికించడం, ఊళ్ళనుంచి వచ్చిన కళాకారుల మాటలు హిందీలోకి చెప్పడం నా పని. వాళ్ళకి వండి పెట్టడం మాత్రం ఉద్యోగం కిందికి రాదు. "గెస్ట్‌హౌస్ తిండి ఎవరు తింటారు సార్, మా ఉమ చేతి పప్పుచారు ఉండగా," అని మా ఆయన వీసీ గారి ముందు నవ్వుతూ అంటాడు. మెచ్చుకోలు ఆయనకి, పప్పుచారు నాకు.

నేను ఈ హిందీ రాష్ట్రంలోనే, బచేలీ ఇనుప గనుల కాలనీలో పుట్టి పెరిగాను. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, నాన్నతో పనిచేసేవాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ పట్టుకున్న గోండీ. పెళ్ళిచూపులకి వచ్చిన మా అత్తగారు పైడమ్మ ఇదంతా విని, "నాలుగు బాసలొస్తే మంచిదే గాని, మూడుపూటలా వండడం వచ్చా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ రోజు నవ్వకపోతే పొగరనుకునేవాళ్ళు. తర్వాత తెలిసింది, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి చెప్పడమంటే చేపముక్కలో ముళ్ళు ఏరి పెట్టడమని. కళాకారులు "రాత్రి చలికి సచ్చినం, ఒక్క దుప్పటి ఇయ్యలే," అంటే, నేను రిజిస్ట్రారుకి "ఏర్పాట్లు బాగున్నాయట సార్, ఇంకో నాలుగు దుప్పట్లుంటే ఇంకా బాగుంటుందట," అని చెప్పేదాన్ని. ఇంట్లోనూ అదే పని. అత్తగారు అన్న మాట మా అమ్మకి ఫోన్లో చెప్పేటప్పుడు సగం ముళ్ళు తీసేసేదాన్ని. ఆ తీసిన ముళ్ళన్నీ ఎక్కడికి పోతాయని ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

ఈ ఏడాది మా ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. సరిహద్దు ఊళ్ళలో తెలుగు ఆడవాళ్ళు చావు ఇళ్ళలో పెట్టే శోకాల్ని మ్యూజియం ముంగిట్లో వినిపించాలి. ఎవరి ఫోన్లోనో భద్రమ్మ గొంతు విన్నాడట. కొంటా అవతల పల్లెలో కూలి చేసుకునే ముసలమ్మ. చుట్టుపక్కల పది ఊళ్ళలో చావంటే ఆమెను పిలవందే శవం లేవదు. హిందీలో పోస్టరు వేయించాడు, 'సీమాప్రాంత్ కే విలాప్ గీత్', అంటే సరిహద్దు ఊళ్ళ ఏడుపు పాటలు, బుధవారం సాయంత్రం నాలుగింటికి. ఆమె మంగళవారం మధ్యాహ్నం దిగింది. తోంగ్‌పాల్ దగ్గర బస్సు చెడిపోయి రెండు గంటలు రోడ్డు మీద కూర్చున్నదట. ఆడమనిషి కాబట్టి మా ఇంట్లోనే బస. వచ్చీరాగానే కాళ్ళు కడుక్కుని, వంటింట్లో నా ఎదురుగా చతికిలబడి తోటకూర తుంచడం మొదలుపెట్టింది. మా ఆయన గుమ్మంలో నిలబడి రేపటి కార్యక్రమం వివరించాడు. అంతా విని ఆమె, "బాగున్నది సారూ. సచ్చినోళ్ళెవరు?" అని అడిగింది.

"ఎవరూ చచ్చిపోలేదమ్మా. ఊరికే, నమూనాగా," అన్నాడు.

"ఒట్టి శోకం పెట్టొద్దు సారూ. పెడితే ఇంటి మీదికి వస్తది. మా అమ్మ నాకు నేర్పినప్పుడే చెప్పింది."

మా ఆయన నా వంక చూశాడు. ఒప్పించు అని ఆ చూపుకి అర్థం. తర్వాత ఆయనకే తట్టి, మ్యూజియం మొదలుపెట్టిన పెద్దాయన నిరుడు పోయారు కదా, ఆయన పేరున శోకం పెట్టమన్నాడు. భద్రమ్మ తోటకూర కాడ విరుస్తూ, "ఆయనకు పెండ్లాం లేదా? బిడ్డలు లేరా? ఏడ్చినోళ్ళున్న సావుకు మళ్ళ నేనెందుకు?" అంది. నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి రాలేదు. పోస్టర్లు వేశాం, వీసీ వస్తున్నాడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి ఉమా, అనేసి స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. మధ్యలో ఎప్పుడూ నేనే ఉంటాను.

భద్రమ్మ తుంచిన ఆకు గిన్నెలోకి తోసింది. తర్వాత, "బిడ్డా, ఎవరూ ఏడవని సావు ఉంటది సూడు, అట్లాంటిది ఏదన్న నీ ఎరికల ఉంటే చెప్పు. దానికైతే పెడత. ఏడుపుకు చోటు పట్టింపు లేదు, మనిషి ఉండాలె అంతే," అంది. నేను పొయ్యి మీద పప్పు చూస్తూ, లేదు పెద్దమ్మా అనబోయాను.

కిందటేడు ఇదే ఉత్సవం. నాకు ఏడో నెల. మర్నాడు సాయంత్రం ఆరింటికి ప్రారంభం, వీసీ గారు రిబ్బను కోస్తారు, ఆయన వచ్చేలోగా పైవరస బీరువాలకి చీటీలు అతికించాలి. నేను నిచ్చెన మీద ఉండగానే నడుంలో నొప్పి మొదలైంది. "ఒక్క గంట ఓర్చుకో, అయిపోయాక డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు మా ఆయన. నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోవడానికి నేను పెట్టింది పేరు. తెల్లవారి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల, తలనిండా జుట్టు. మధ్యాహ్నానికి పోయింది. నేను ఒకే ఒక్కసారి చూశాను. అత్తగారు నా పక్కన కూర్చుని, "పురిట్లో పోయిన గుంటకి ఏడుపేటి? నువ్వేడిస్తే మళ్ళీ కడుపు పండదు. నోరు మూసుకో," అంది. ఆవిడ కూడా ఇద్దరిని అలాగే పోగొట్టుకుందట. నోరు మూసుకునే బతికిందట. మా ఆయన బట్టలో చుట్టిన పిల్లని తీసుకుని, "నేను చూసుకుంటాను, నువ్వు పడుకో," అన్నాడు. రాత్రి భోజనాల వేళకి తిరిగి వచ్చినప్పుడు ఆయన భుజం మీద సన్మానం శాలువా, చేతిలో పూలగుత్తి. అది ఎక్కడ పెట్టాలో తెలియక నా మంచం మీద పెట్టాడు. ఆయా చూసి, పిల్ల పుట్టినందుకు తెచ్చారేమో అనుకుని నవ్వింది.

మూడోరోజు పాలు పడ్డాయి. అత్తగారు గుడ్డ బిగించి కట్టి, "పదిరోజుల్లో ఎండిపోతాయిలే," అంది. పన్నెండో రోజుకి నేను మ్యూజియంలో ఉన్నాను. బిడ్డ లేని పురిటికి సెలవుంటుందా అని అడిగితే ఆఫీసులో ఎవరికీ జవాబు తెలియలేదు. తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకుని అద్దాలు తుడిచాను. ఎక్కడ పెట్టారు అని మా ఆయన్ని అడిగితే, "నది ఒడ్డున," అన్నాడు. ఏ ఒడ్డున అని మళ్ళీ అడిగితే, "తెలుసుకుని ఏం చేస్తావు ఉమా? మర్చిపో," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి మీదా చెయ్యి ఎత్తడు, గొంతు ఎత్తడు. ఇదంతా ఆయన నా మంచికే అంటున్నాడని ఏడాది పాటు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాటలోనూ ముళ్ళు ఏరుకున్నాను. ఇంద్రావతి వంతెన మీద ఆటోలో వెళ్ళే ప్రతిసారీ అటువైపు, ఇటువైపు చూస్తాను. ఒడ్డున ఎక్కడ కొత్తగా మట్టి తవ్వి ఉన్నా అది కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తాను. ఇటుకలవాళ్ళు తవ్వుకున్న గోతుల్ని చూసి కూడా ఏడ్చాను.

ఇదంతా భద్రమ్మకి చెప్పాను. కన్నతల్లికి చెప్పనిది నిన్నగాక మొన్న ఎరిగిన మనిషికి కూడా కాదు, ఆ పూటే వచ్చిన మనిషికి చెప్పాను. ఆమె అయ్యో అనలేదు. తన పనికి కావలసిన వివరాలు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"పేరు?"

"పెట్టలేదు పెద్దమ్మా." పప్పు దించి, "వినీత అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు," అన్నాను.

"నీళ్ళు పోసిందెవరు?"

"తెలీదు."

"ఏడ పండబెట్టిన్రు?"

"నది ఒడ్డునట. ఏ ఒడ్డో తెలీదు."

ఆమె చేతిలో తోటకూర ఆగిపోయింది. "అది తెల్వకుంటే శోకం ముగియదు బిడ్డా. సరే, తెల్వనట్టే పెడత. నీ పెనిమిటి ఊకుంటడా?" అంది.

"శోకం పెట్టించమని ఆయనే కదా అడిగారు," అన్నాను. ఆ తెగింపు ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. సాయంత్రం మా ఆయన వచ్చి ఒప్పుకుందా అని అడిగితే, ఒప్పుకుంది అని మాత్రం చెప్పాను. "చూశావా, నువ్వు తలుచుకుంటే అయిపోతుంది," అని మురిసిపోయాడు.

బుధవారం నాలుగింటికి మ్యూజియం ముంగిట్లో ఎనభై కుర్చీలు నిండాయి. ముందు వరసలో వీసీ గారు, పక్కన మా ఆయన. భద్రమ్మ చాప మీద కూర్చుని కొంగు తలమీదికి లాక్కుంది. నేను పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒక చరణం తీసి ఆగాలి, నేను హిందీలో చెప్పాలి, అదీ ఏర్పాటు. ఆమె రెండు చేతులూ నేలకి కొట్టి గొంతెత్తింది.

"ఓ నా బిడ్డా... వినీత బిడ్డా... పొద్దు పొడవంగ వస్తివి, పొద్దు నడినెత్తికి రాంగ పోతివి..."

ఎవరో నా కూతుర్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అయినా హిందీలో చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. ప్రదర్శనకి వచ్చే గొంతు అది.

"నీ తల్లికి రొమ్మునిండ పాలొచ్చె బిడ్డా, తాగే నోరు లేకపాయె... ఆసుపత్రి మంచమ్మీద పూలు పెడితిరి, నీ మీద పువ్వు వెయ్యకపోతిరి..."

మా ఆయన చేతిలోని కాగితం కిందికి దిగింది. ఆ ముంగిట్లో తెలుగు తెలిసింది మా ముగ్గురికే. ఆయన అరచెయ్యి కొంచెం పైకెత్తి, మెల్లగా కిందికి దించాడు. తగ్గించు, దాటెయ్యి. ఆ సైగ నాకు బాగా అలవాటు. వచ్చినవాళ్ళ ముందు మాట ఎక్కువైనప్పుడు ఇంట్లోనూ అదే చేస్తాడు. తల్లి బాధపడుతోంది అని ఒక్క మాటలో చెప్పి ముందుకు పోవచ్చు. ఎనభైమందిలో ఒక్కరికీ తేడా తెలియదు. నాలుక చివరికి ఆ వాక్యం వచ్చింది కూడా. దాన్ని మింగి, పాల గురించీ పూల గురించీ ఆమె చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పాను. ఒక్క ముల్లు తీయలేదు.

"ఏ మన్నుల పండబెడితిరి బిడ్డా, నీ తల్లికి ఆనవాలు చెప్పకపోతిరి... ఏ దిక్కు మొకం పెట్టి ఏడవాలె బిడ్డా..."

"కిస్ మిట్టీ మే సులాయా బేటీ కో, మా కో నిశానీ తక్ నహీ బతాయీ," అన్నాను. మా ఆయన తల దించుకున్నాడు. నేను ఆయన్నే చూస్తూ, భద్రమ్మ పాడని మాట ఒకటి కలిపాను, ఆ తల్లిని నేనే అని. "వో మా మై హూ."

తర్వాత ఏడ్చాను. ఏడాది ఏడుపు. మైకు చేతిలోనే ఉంది, అది అందరికీ వినిపించింది. భద్రమ్మ నా మెడ చుట్టూ చెయ్యి వేసి లాక్కుని, నాతో పాటు ఊగుతూ శోకం తీసింది. ఎంతసేపో నాకు గుర్తులేదు. ఆగాక ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. వీసీ గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. నా పక్కనుంచి వెళ్తూ, "చాలా సహజంగా చేశారు," అన్నారాయన.

సామాన్లు దాచే గదిలోకి మా ఆయన వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంటి విషయం పదిమందిలో పెడతావా? నాకు చెప్పుకుంటే సరిపోయేది కదా," అన్నాడు.

"చెప్పాను. అడిగాను కూడా. ఏ ఒడ్డున? పదండి, చూపించండి. ఇంకా వెలుతురుంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన అంత చిన్నగా కనబడలేదు నాకు.

"నేను వెళ్ళలేదు ఉమా. ఆరింటికి ప్రారంభం. అప్పటికే నాలుగున్నర. ఆస్పత్రిలో కోస అని ఒకతను పనిచేస్తాడు, నేను చూసుకుంటా సాబ్ అన్నాడు. ఇచ్చేసి వచ్చాను. తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు."

"మరి నది ఒడ్డున అన్నారు?"

"నువ్వు అడిగావు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ వంతెన మీద ఏడాదంతా అటూ ఇటూ చూసిన నా కళ్ళ మీద జాలేసింది. అక్కడ ఏమీ లేదు. నా కూతురు ఆ ఒడ్డున లేదు, ఈ ఒడ్డున లేదు. కానీ కోస ఉన్నాడు. ఒక మనిషి చేతులకి తెలుసు ఆ పిల్లని ఎక్కడ దించాడో. ఆ చేతుల్ని వెతుక్కుంటే సరిపోతుంది. కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాను. బయట భద్రమ్మ చాప చుట్టుకుంటోంది. ఆస్పత్రికి వెళ్దాం పెద్దమ్మా అంటే, ఎందుకని అడక్కుండా సంచీ భుజాన వేసుకుంది. మేం గేటు దాకా వెళ్ళేసరికి మా ఆయన వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"ఉమా, ఆగు. ఏడింటికి ఇరవైమంది భోజనానికి వస్తున్నారు మన ఇంటికి. వీసీ గారు కూడా. వాళ్ళకి ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పండి," అన్నాను.