షుక్రీ కంటి మీద చార

మా కొట్టు యజమాని హాజీ మామూన్‌కు దిష్టి మీద ఉన్న నమ్మకం యంత్రాల మీద లేదు. అలెగ్జాండ్రియాలో మా వీధి మొత్తానికీ పెద్ద ఫోటో ప్రింటర్ ఉన్నది మా కొట్లోనే. అందుకని రోజూ పొద్దున్నే దాని మూత ఎత్తి మరీ సాంబ్రాణి పొగ వేసేవాడు. ప్రింట్ల మీద తెల్లచారలు మొదలయ్యాక పొగ రెట్టింపు చేశాడు.

మా వీధి ఫిక్రియా పిన్ని భర్త ఫోటో కూడా చారతోనే వచ్చింది. పడవ నడిపిన మనిషి షుక్రీ. ఆయన పోయిన నలభయ్యో రోజు సంస్మరణ మర్నాడే. వచ్చినవాళ్ళందరికీ కనబడేలా నిలువెత్తు ఫోటో పెట్టాలని ఆవిడ కోరిక. చార సరిగ్గా కంటి మీదుగా దిగింది. మళ్ళీ తీస్తే మళ్ళీ కంటి మీదే.

"కళ్ళు కనబడకపోతే ఆయన్ని చూసినట్టేనా?" అందావిడ. హాజీ మాత్రం ఇంకు చిమ్మే హెడ్‌ను శుభ్రం చేసే బటన్ నొక్కుతూ ఇంకును నీళ్ళలా పారబోస్తున్నాడు.

అంతలో నేను కబురు పెట్టిన ఇంజనీరు షాహినాజ్ వచ్చింది. "ముందు ఆ బటన్ మీంచి చెయ్యి తియ్యండి హాజీ. దాని కడుపులో ఏమన్నా మిగల్నిస్తారా?" అంది వస్తూనే. ఆమెకు నోటి దురుసు ఎక్కువే, పనితనం అంతకు మించి.

పరీక్ష గీతలు తీసి చూసింది. ఒక్క గీతా తెగలేదు.

"ఇంకు బాగానే దిగుతోంది. కాగితం మార్చావా?"

"మార్చాను. చార పోలేదు," అన్నాను.

బొమ్మను జానెడు పక్కకు జరిపి తీయమంది. తీశాను. ఈసారి కన్ను బాగుంది, చార భుజం మీద పడింది.

"చూశావా, మనిషి జరిగాడు, చార జరగలేదు. తప్పు బొమ్మది కాదు, ఆ చోటుది."

మేం తలలు బద్దలు కొట్టుకున్నదాన్ని జానెడు జరిపి తేల్చేసింది. ఆ బుర్రకు నాకు భలే ముచ్చటేసింది.

"భుజం మీదే కదా, ఉండనీండి," అన్నాడు హాజీ.

"ఆ భుజం మీదే మా పిల్లల్ని మోశాడు," అంది ఫిక్రియా పిన్ని.

షాహినాజ్ మూత తీసింది. లోపల ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఉంది. తడిగుడ్డతో సుతారంగా తుడిస్తే చార పడే చోట గుడ్డకు గోధుమరంగు జిడ్డు అంటింది. వాసన చూసి, హాజీ ముక్కు దగ్గర పెట్టింది.

"ఒమన్ సాంబ్రాణి," అన్నాడాయన గర్వంగా. మరుక్షణం ముఖం మాడిపోయింది.

"ఈ పట్టీని చూసే హెడ్ తనెక్కడుందో తెలుసుకుంటుంది. మీ పొగ దాని కళ్ళు కప్పింది."

"మరి దిష్టి సంగతో?"

"గుమ్మం బయట వేసుకోండి. దిష్టి వచ్చేది వీధిలోంచే కదా."

హాజీకి ఆ మాట నచ్చింది.

మళ్ళీ తీశాం. షుక్రీ మెల్లగా బయటికొచ్చాడు. రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి. చెంపల మీద తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఫిక్రియా పిన్ని అలా చూస్తూ నిలబడింది.

"గడ్డం గీసుకుని ఫోటో దిగమన్నాను. విన్నాడా?" అంటూ ఆ చెంప వైపు చెయ్యి చాచి, మా వైపు చూసి ఆగింది.

అప్పుడే వచ్చిన, ఇంకు ఆరని ప్రింటు మీద ఎవరి వేలు పడినా షాహినాజ్ ఊరుకోదు. ఈసారి మాత్రం పిన్ని చెయ్యి పట్టుకుని తనే దగ్గరకు తీసుకెళ్ళింది.

"ముట్టుకో పిన్నీ. చెడితే ఇంకోటి తీద్దాం."