అందిన తేదీ

మనుషులు ఎలా పోయారన్నది నా పరిశోధన కాదు. పోయినవాళ్ళ మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయి, ఏ ఏడాది ఎక్కువ వచ్చాయి, ఎవరు ఎవరితో కలిసి రాశారు, ఇదీ నా పని. బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రమోషన్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలన్నారు. దాంతో నలభై ఆరేళ్ళ వయసులో, రెట్రోవైరస్‌ల మీద మన రాష్ట్రంలో జరిగిన పరిశోధనల తీరుతెన్నులు అనే బరువు నెత్తికెత్తుకున్నాను. హెచ్ఐవీ ఆ జాతి వైరస్సే కాబట్టి లెక్కకు వచ్చిన వ్యాసాల్లో నూటికి తొంభై దాని మీదవే.

వ్యాసాల లోపలి సైన్సు నాకు తెలియదు. తెలుసుకోనక్కర్లేదని మా గైడు వేంకటసుబ్రహ్మణ్యం గారు మొదటి రోజే తేల్చేశారు. ఆయన ఇల్లు తెనాలిలో. శనివారం శనివారం వెళ్ళి నా పట్టికలు చూపించి వస్తుంటాను.

"అమ్మా కౌముదీ, పెళ్ళిలో ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్కపెట్టేవాడికి పప్పులో ఉప్పు ఎంతుందో ఎందుకమ్మా?" అన్నారాయన.

నాలుగో అధ్యాయం ఆలస్యం గురించి. ప్రతి వ్యాసం మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మూడు తేదీలుంటాయి. పత్రికకు వ్యాసం అందిన తేదీ, ఒప్పుకున్న తేదీ, అచ్చయిన తేదీ. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో చూసి సగటు కడతాను. పదకొండు నెలలు వచ్చింది. సార్ మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, దాచడం దేనికి.

ఆ లెక్కలోనే రేపల్లె తగిలింది. 2008 నుంచి 2012 దాకా పదకొండు వ్యాసాలు. అన్నీ రేపల్లె చుట్టుపక్కల నూట నలభై మంది దగ్గర తీసిన రక్తం మీదే. రాసింది ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ఒక సంస్థవాళ్ళు. ఒకే పిండితో పదకొండు దోసెలు పోశారన్నమాట. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు. ఎందుకు ఆగిపోయిందో కనుక్కుంటే అధ్యాయానికి నిండుదనం వస్తుందన్నారు సార్. పదకొండింటి చివరా కృతజ్ఞతల్లో ఒకే పేరుంది. క్షేత్ర సహాయకురాలు హైమావతి, రేపల్లె.

ఆవిడ ఫోను నంబరు సంపాదించడానికి రెండు వారాలు పట్టింది. విషయం చెప్పగానే గుర్తుపట్టింది.

"ఆ రక్తాలన్నీ తీసింది నేనేనండి. రండి, చెబుతాను. మా చెల్లెలు మాధురి కూడా అందులో ఉంది. మందులు సరిగ్గా వేసుకోక చచ్చిపోయింది. వేసుకున్నవాళ్ళు ఇప్పటికీ బతికే ఉన్నారు."

బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పింది. అలాంటి గొంతు విన్నప్పుడు నాకు భయం వేస్తుంది. ఏళ్ళ తరబడి అరగదీస్తే తప్ప ఆ మాట అంత నున్నగా రాదు.

ఆ పదకొండు వ్యాసాలూ ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. ఆవిడ వాటిని ఎన్నడూ చూసి ఉండదు, తన పేరు అచ్చులో చూసుకుంటే సంతోషిస్తుందనుకున్నాను. బాపట్ల నుంచి తెనాలి, అక్కడ బండి మారి రేపల్లె. దారి పొడుగునా ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కానుక పట్టుకెళ్తున్నానన్న గర్వం కూడా ఉంది నాకు.

హైమావతి గారికి అరవై దగ్గర పడుతోంది. మేడ మీద రెండు గదుల వాటా. మాధురి కూతురు బిందుమాధవిని తనే పెంచింది. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు, మైక్రోబయాలజీతో బీఎస్సీ అయింది, బీఈడీ చదువుతోంది. తల్లి జబ్బు పిల్లకు రాలేదు.

నేను కూర్చోగానే బిందు మంచినీళ్ళు తెచ్చి, "గ్యాస్ బుక్ చేశాను పెద్దమ్మా" అంది.

"ఏదీ, మెసేజ్ చూపించు."

ఆ పిల్ల మారు మాట్లాడకుండా ఫోను తెచ్చి చూపించింది. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, తిరిగి ఇచ్చి, నాతో అంది. "దీనిదంతా తల్లి పోలికేనండి. అది కళ్ళల్లోకి సూటిగా చూసి అబద్ధం ఆడేది. అందుకే నేను ఏదీ చూడందే నమ్మను."

బయటి మనిషి ముందు ఆ మాట అనడం నాకు నచ్చలేదు. బిందు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. అలవాటైపోయిందని అర్థమైంది.

తర్వాత ఆవిడ తన పని గురించి చెప్పింది. మాధురి మొగుడు రొయ్యల చెరువుల దగ్గర మేనేజరు. జబ్బు సంగతి దాచి, గుంటూరులో ప్రైవేటుగా మందులు కొన్నాళ్ళు వాడి, కొన్నాళ్ళు మానేసి, 2006లో పోయాడు. అప్పటికే భార్యకు అంటించాడు. మరుసటి ఏడాది ఈ సంస్థవాళ్ళు వస్తే, నర్సుగా చేసిన అనుభవం ఉందని హైమావతి గారిని తీసుకున్నారు. మందులు మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరి దగ్గరా రక్తం తీయాలి, సీసా మీద పేరు రాయకూడదు, నంబరే రాయాలి. ఏ నంబరు ఎవరిదో ఈవిడ దగ్గరున్న రిజిస్టరులోనే ఉంటుంది. మాధురి నంబరు ముప్పై ఏడు. ఆ తర్వాత నెల నెలా ఇంటింటికీ వెళ్ళి డబ్బాల్లో ఎన్ని మాత్రలు మిగిలాయో చూసి, సరిగ్గా వాడుతున్నారో లేదో రాసుకురావాలి. 2012లో డబ్బులు ఆగిపోయి ఆ సంస్థవాళ్ళు రావడం మానేశారు. నా అధ్యాయానికి కావలసిన జవాబు అదే. దానికి అరనిమిషం పట్టింది.

"మాధురి మాత్రల లెక్క ఎప్పుడూ సరిపోయేదండి" అంది ఆవిడ. "ఒక్కటి ఎక్కువుండేది కాదు, తక్కువుండేది కాదు. మనిషి మాత్రం నెల నెలకీ పీక్కుపోతోంది. వాళ్ళ డాక్టరు గారిని అడిగాను. లెక్క సరిపోతోంది, మనిషి చిక్కిపోతోంది అంటే పారేస్తోందన్నమాటే, సొంతవాళ్ళని అస్సలు నమ్మకమ్మా అన్నారు. నూట ముప్పై తొమ్మిది మంది లెక్క నమ్మానండి నేను. దాని లెక్కొక్కటే నమ్మలేదు."

ఇక్కడ నేను లేచి వచ్చేసి ఉండాల్సింది. సంచీలోంచి పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

మొదటి వ్యాసం చివర తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది. మొహం వెలిగింది. పేజీలు తిప్పుతూ పోయి, మూడో వ్యాసంలో ఒక పెద్ద పట్టిక దగ్గర ఆగింది. నంబర్లు గుర్తుపట్టింది.

"ఇవి నా నంబర్లే. బిందూ, ఇలా రా. ముప్పై ఏడు దగ్గర ఏం రాశారో చదువు. మందులు మానేసిందని వీళ్ళకీ తెలిసుంటుందిగా."

బిందు పక్కన కూర్చుని ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పింది. "ముప్పై ఏడు. స్త్రీ. వయసు ఇరవై ఎనిమిది. మందుల వాడకం నూటికి నూరు."

"అది నేను రాసిచ్చిందేలే. దాన్ని నమ్మక్కర్లేదు. పక్కనేముంది?"

బిందు చదవలేదు. ఆ గడి మీద వేలు పెట్టి, పైన శీర్షిక చూసి, మళ్ళీ గడి చూసింది. పట్టిక కింది వివరణ మొత్తం చదివింది. ఆ అమ్మాయి చదివిన చదువుకు అది అర్థమవుతుందని నాకు అప్పుడు తట్టింది.

"చదవవేంటే?"

"మందులు మొదలుపెట్టకముందు తీసిన రక్తం ఇది పెద్దమ్మా. అందులో వైరస్ అప్పటికే ఆ మాత్రల్లో ఉన్న రెండు మందులకి లొంగనిది. నాన్న మందులు వాడీ మానేసీ దాన్ని మొండి చేశాడు, అమ్మకి అలాగే వచ్చింది. ఆ మాత్రలు అమ్మ మీద మొదటి రోజు నుంచీ పనిచేయలేదు. అన్నీ వేసుకున్నా పనిచేయవు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. హైమావతి గారు నా వైపు తిరిగింది. ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, ఆవిడకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్కటే అడిగింది.

"ఇది వాళ్ళకి ఎప్పుడు తెలిసిందండి?"

లోకంలో నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఏదైనా ఉందంటే అదొక్కటే. మాధురి పోయింది 2009 జూన్‌లో. వ్యాసం అచ్చయింది అదే ఏడాది అక్టోబరులో. ఆ తేదీ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. చెబుదామనే నోరు తెరిచాను. కానీ పదహారేళ్ళుగా చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరు అంటున్న ఇల్లది. అక్కడ కూర్చుని నేనూ ఒక అబద్ధం ఆడలేకపోయాను.

"పత్రికకు అందింది 2008 ఆగస్టు పదకొండునండి. అప్పటికే తెలుసు."

"పది నెలలు" అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నంబరు వెనక మనిషెవరో పరిశోధకులకు తెలియకూడదు, అది నియమం. నిజమే. తెలిసిన మనిషి రేపల్లెలోనే ఉందిగా. ఆవిడకు ఒక్క ఫోను చేసి, ముప్పై ఏడుకు ఈ మందులు పనిచేయవమ్మా అంటే ఎవరి సొమ్ము పోయేది? పదకొండు సార్లు కృతజ్ఞతలు చెప్పడానికి గుర్తొచ్చిందే ఆ మనిషి! మరి నా సంగతి? ఆ పది నెలలూ నా సగటులో కలిసిపోయాయి. ఆ సగటు చూసుకుని నేను మురిసిపోయాను.

"అప్పటికి రెండో రకం మందులు వచ్చాయండి" అంది హైమావతి గారు. "పెద్ద ఊళ్ళలో ఇచ్చేవాళ్ళు. తీసుకెళ్ళేదాన్ని. బతికేదో లేదో నేను చెప్పలేను. తిట్టకుండానన్నా పంపేదాన్ని కదండీ."

ఆవిడ ఇంకా చెప్పుకుపోయింది.

"చివర్లో దాని నోట్లో వేలు పెట్టి చూసేదాన్ని, నాలుక కింద దాచిందేమోనని. ఒట్టక్కా, మింగాను అనేది. నోరు పూసిపోయి నీళ్ళు కూడా దిగేవి కావు దానికి. అయినా వేలు పెట్టేదాన్ని. ఒకసారి చెంప మీద కొట్టాను. ఇది చూస్తుండగానే కొట్టాను." బిందు వైపు తిరిగింది. "నీకు గుర్తుందా?"

"ఉంది" అంది బిందు. అప్పుడు ఆ పిల్లకు ఆరేళ్ళు.

"ఏదన్నా అనవే నన్ను."

బిందు పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆ అమ్మాయి గొంతు వణకలేదు. వణికి ఉంటే నేను ఓర్చుకోగలిగేదాన్నేమో.

"అమ్మ పోయే ముందు రోజు నన్ను దగ్గరికి పిలిచింది పెద్దమ్మా. పెద్దమ్మ నేను చెబితే నమ్మదు, నువ్వు చెప్పు, ఒక్కటి కూడా పారేయలేదని చెప్పు అంది. చెబుదామని నీ దగ్గరికి వచ్చాను. నువ్వు ఏడుస్తున్నావ్. చెబితే నన్ను కూడా అబద్ధాలకోరు అంటావని భయమేసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను."

హైమావతి గారు లేచి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. గోడవైపే చూస్తూ అంది.

"అప్పుడు చెప్పినా నమ్మేదాన్ని కాదే."

"తెలుసు పెద్దమ్మా" అంది బిందు.