లీడ్స్ వానకు పట్టిన గొడుగు

నెవిల్ క్రాబ్‌ట్రీ ముప్పై ఏళ్ళు ఇంగ్లండులోని లీడ్స్‌లో బస్సుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఆ ముప్పై ఏళ్ళూ వానను తిట్టాడు. రిటైరవగానే భార్య డోరీన్‌ను వెంటబెట్టుకుని స్పెయిన్ ఎండలోకి వచ్చి పడ్డాడు. వచ్చినవాడు ఊరికే ఉన్నాడా? మొదటి వారంలోనే మేడ మీద డిష్ పెట్టించి, లీడ్స్‌లో వాన పడుతోందా లేదా అని చూడటం మొదలుపెట్టాడు.

మీరు నవ్వితే నవ్వండి. మా కాలనీలో ఇంగ్లీషువాళ్ళందరం ఆ బాపతే. ఎండ కోసం ఇల్లు కొనుక్కుని, టీవీ తెర మీద ఎండ పడుతోందని పరదాలు వేసుకునే జాతి మాది. బయట నారింజలు కాళ్ళకింద దొర్లుతుంటే, లోపల కూర్చుని డబ్బా చిక్కుళ్ళు తింటూ, మేం ఇక ఎప్పటికీ ఎక్కని రోడ్ల మీద ట్రాఫిక్ ఆగిపోయిందని బాధపడతాం. నెవిల్ మాకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. చేతి వాచీ, గోడ గడియారం రెండూ ఇంగ్లండు టైములోనే ఉంచాడు. ఇక్కడ గంట ముందుంటుంది కదా అంటే, "ప్రోగ్రాములు ఇంగ్లండు టైముకొస్తాయా, అంపారో టైముకొస్తాయా?" అనేవాడు.

అంపారో వాళ్ళ పక్కింటావిడ. భర్త పోయి చాలా కాలమైంది. ఆమె పెరట్లో తాతల నాటి ఖర్జూరపు చెట్టు ఒకటుంది. కథలో చిక్కంతా ఆ చెట్టుతోనే.

ఆ మధ్య ఆకాశంలో పాత ఉపగ్రహం పోయి కొత్తది వచ్చింది. పాతది చెయ్యిజారి మా మీద కూడా సిగ్నల్ పోసేది. కొత్తది లెక్కగా ఇంగ్లండు మీదే పోస్తుంది. మా దాకా వచ్చేది తుంపరే. కాలనీలో చిన్న డిష్‌లన్నీ రాత్రికి రాత్రి టమాటాలు ఎండబెట్టుకునే పళ్ళేలైపోయాయి. నెవిల్ మాత్రం డిష్‌లు బిగించే కీత్‌ను పిలిపించి, ఎడ్లబండి చక్రం కన్నా పెద్దదాన్ని మేడ మీదికి ఎక్కించాడు. కిందనుంచి చూస్తే ఎవరో ఆకాశానికి గొడుగు తిరగేసి పట్టినట్టుండేది.

"వేసవిలో నీళ్ళు పోసుకుంటే ఇందులో స్నానం కూడా చెయ్యొచ్చు నెవిల్" అన్నాడు కీత్, చెమట తుడుచుకుంటూ. "కానీ ఒక్కమాట. ఆ చెట్టు తల సరిగ్గా దారిలో ఉంది."

ఉండనే ఉంది. గాలి లేస్తే ఆ తల ఊగేది. అది ఊగిందంటే, వార్తలు చదివే ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేది. వాతావరణం చెప్పే కుర్రాడి చెయ్యి స్కాట్లండు మీదే బిగుసుకుపోయేది. నెవిల్ రిమోట్‌ను సోఫాకేసి కొట్టేవాడు. చివరికి ఒకరోజు చెట్టు తల కొట్టించమని అడగడానికి అంపారో గుమ్మంలోకి వెళ్ళాడు. ఇక్కడికొచ్చిన ఎనిమిదేళ్ళలో అతను నేర్చిన స్పానిష్ ఒక బీరు తెప్పించుకోవడానికీ, ఒక థాంక్స్ చెప్పడానికీ మాత్రమే సరిపోతుంది కాబట్టి, డోరీన్‌ను పక్కన నిలబెట్టుకున్నాడు. డోరీన్ సంతలో బేరాలాడి, అంపారో వంటింట్లో వెల్లుల్లి ఒలిచి, భాష పట్టేసింది.

అంపారో అంతా విన్నది. తర్వాత నిదానంగా ఏదో అంది.

"ఏమంటోంది?" అన్నాడు నెవిల్.

"ఈ చెట్టు మా తాత నాటాడు, మీ టీవీ ఎవరు నాటారు, అంటోంది."

"అదేం జవాబు?"

"నాకు సరైన జవాబులాగే ఉంది" అంది డోరీన్.

ఆ సాయంత్రం గాలి మళ్ళీ లేచింది. లీడ్స్ వాతావరణం సగంలో ఆగిపోయింది. నెవిల్ లేచి నిలబడ్డాడు. "ఇంక చాలు. ఇల్లు అమ్మకానికి బోర్డు పెట్టేస్తాను. అమ్మేసి మన ఊరెళ్ళిపోదాం."

ఈ మాట అతను ఏడాదికి రెండుసార్లు అంటాడు. డోరీన్ ఎప్పుడూ టీ పెడుతుంది, అది చల్లారేలోపు అతనూ చల్లారతాడు. ఈసారి ఆమె టీ పెట్టలేదు.

"నువ్వెళ్ళు. నేను రాను" అంది.

"రాకపోవడమేంటి?"

"నాకిక్కడ బాగుంది నెవిల్. నువ్వు ఇక్కడికి ఇంకా రానేలేదు కాబట్టి నీకు తెలీదు. ఎనిమిదేళ్ళలో నిన్నేమీ అడగలేదు. ఒక్కటడుగుతున్నాను. మట్టల ఆదివారం ఊరేగింపులో అంపారోతో నడుస్తున్నాను. పదకొండింటికి. వచ్చి రోడ్డు పక్కన నిలబడి చూడు. అదీ చేతకాకపోతే, బోర్డు నిజంగానే పెట్టు. నీ సగానికి పెట్టు."

నెవిల్ నోరు, వార్తలు చదివే ఆవిడ నోరులాగే ఉండిపోయింది. డోరీన్ లేకుండా లీడ్స్‌లో ఏం చేస్తాడు? అక్కడ వాన చూడటానికి టీవీ కూడా అక్కర్లేదు.

ఆ పండుగ ముందు శుక్రవారం నాడు సముద్రం మీదనుంచి ఒకటే గాలి. టీవీ పూర్తిగా పోయింది. నెవిల్ ఆ రోజూ, శనివారమూ నిచ్చెన వేసుకుని మేడెక్కి, డిష్‌ను అంగుళం ఇటూ అంగుళం అటూ జరుపుతూనే ఉన్నాడు. "ఈ వయసులో అక్కణ్ణించి పడ్డావంటే ఏరుకోవడానికి నాకు ఓపిక లేదు" అని కిందనుంచి అరిచింది డోరీన్. అరిచి, అతను దిగేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడింది.

ఆదివారం చీకటితోనే ఆమె అంపారో ఇంటికెళ్ళిపోయింది. ఈస్టరుకు వారం ముందు ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఊరేగే పండుగ అది. ఇక్కడ మట్టలంటే పచ్చివి కావు. చెట్టు మీదుండగానే మొవ్వు కట్టేసి, ఎండ తగలకుండా దాచి, తెల్లగా పాలిపోయాక కోస్తారు. వాటిని పాయలు తీసి, జడలు అల్లి, పువ్వులు చుడతారు. ఆ అల్లిక నేర్చుకోవడానికి డోరీన్ చలికాలమంతా వేళ్ళు కోసుకుంది.

నెవిల్ కూడా ఏమీ తక్కువ చెయ్యలేదు. గడ్డం గీసుకున్నాడు. టై కట్టాడు. చేతి వాచీ చూసుకుని, స్పెయిన్ పదకొండంటే మన పది అని లెక్కగట్టి, పావుగంట ముందే బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ, ఏమో సిగ్నల్ వచ్చినా రావచ్చని, ఖాళీ నీలం తెరతోనే టీవీని వదిలేసి వెళ్ళాడు. ఆశ అలాంటిది. ముప్పై ఏళ్ళు బస్సులు వేళకు నడిపించినవాణ్ణి, ఎవరి ఊరేగింపుకైనా ముందే ఉంటాను అనుకుంటూ, ఛాతీ కాస్త ముందుకు పెట్టుకుని నడిచాడు.

బజారులోకి వచ్చేసరికి నేలంతా ఆకు ముక్కలు. పిల్లలు అప్పుడే ఐస్‌క్రీములు తింటున్నారు. ఊరేగింపు మొదలవకముందే ఇంత చెత్తేమిటా అని విసుక్కుంటూ, అతను చర్చి గోపురం మీది గడియారం చూశాడు. చేతి వాచీ చూశాడు. మళ్ళీ గోపురం చూశాడు. ఉండాల్సిన తేడా ఒక గంట. ఉన్నది రెండు.

మార్చి ఆఖరి ఆదివారం. వేసవి వస్తోందని ఈ దేశాల్లో ఏటా చేసినట్టే, రాత్రే గడియారాలు గంట ముందుకు జరిపారు. ప్రతి ఏడూ ఆ సంగతి టీవీ చెప్పేది, నెవిల్ తిప్పేవాడు. ఈ ఏడు టీవీ లేదు. ఊరంతా వేసవిలోకి వెళ్ళిపోయింది, ఇతనొక్కడే చలికాలంలో టై కట్టుకుని బయల్దేరాడు. వేళకు రాని డ్రైవర్లను ఎంతమందిని నిలబెట్టి కడిగాడో అవన్నీ గుర్తొచ్చాయి. తనను తాను కడుక్కోవడానికి అక్కడ చోటు చాల్లేదు.

"దోన్ నెవిల్!"

అంపారో. దోన్ అంటే ఇక్కడ ‘గారు’. నల్ల బట్టల్లో, రెండు చేతుల్లో రెండు తెల్లటి మట్టలు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వస్తోంది. పక్కన డోరీన్ లేదు.

"డోరీన్?" అన్నాడు నెవిల్.

అంపారో గడగడా ఏదో చెప్పింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె మట్టలు రెండూ చంకలో పెట్టుకుని, చేతులతో మొదలుపెట్టింది. ఇల్లు. నిచ్చెన. పైన ఒక మనిషి. ఆ మనిషి జారాడు, దబ్బుమని కింద పడ్డాడు. ఆ తర్వాత తన చెంపల మీదినుంచి వేళ్ళు కిందికి జార్చి, కాలవ పక్క దారివైపు చూపించింది.

ఎనిమిదేళ్ళలో నెవిల్‌కు పూర్తిగా అర్థమైన మొదటి స్పానిష్ కబురు అది. డోరీన్ రోడ్డు పక్కన అతని కోసం వెతికింది. కనపడలేదు. రాలేదని కోపం తెచ్చుకోలేదు, మేడ మీంచి పడిపోయాడనుకుంది. చలికాలమంతా అల్లిన మట్ట అంపారో చేతిలో పడేసి, ఊరేగింపు మధ్యలోంచి ఏడుస్తూ ఇంటికి పరుగెత్తింది. 

తను వచ్చింది బజారు దారిన, అందుకే ఆమె ఎదురుపడలేదు. అతను కాలవ దారివైపు తిరిగాడు. అంపారో అతని కోటు వెనక పట్టుకుని లాగింది. నువ్వటు, ఆమె ఇటు, రోజంతా వెతుక్కుంటూనే ఉంటారు అన్నట్టు రెండు వేళ్ళు అటూ ఇటూ తిప్పి, నేల చూపించింది. ఇక్కడే ఉండు. ఇంతలో బ్యాండు మోగింది. ఊరేగింపు చర్చివైపు ఆఖరి మలుపు తిరుగుతోంది. అంపారో డోరీన్ మట్టను అతని చేతిలో పెట్టి, వీపు మీద ఒక్క తోపు తోసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నెవిల్ అక్షరాలా పట్టుకున్నాడు. తనకన్నా పొడుగ్గా ఉన్న మట్టను, బస్సు స్తంభాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, ముసలమ్మల వరసలో, టైతో, ఎర్రబడ్డ ముఖంతో నడిచాడు. ఎవరో అతని పేరు పిలిచి చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ళుగా చూసేవైపు కూర్చున్న మనిషి, ఇప్పుడు ఊరంతా చూసేవైపు ఉన్నాడు. పారిపోవడానికి రిమోట్ కూడా లేదు.

చర్చి మెట్ల దగ్గర డోరీన్ కనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని, జుట్టు రేగిపోయి, రోడ్డు పక్కన నిలబడి ఉంది. తను అతన్ని నిలబడమన్న చోటే. అతన్ని చూసింది. మట్టను చూసింది. టైని చూసింది. నవ్వో ఏడుపో తెలియకుండా వరసలోకి వచ్చి పక్కన నడిచింది.

"ఇంటికెళ్ళాను" అంది, ఊపిరి అందక. "టీవీ మోగుతోంది."

"వచ్చిందా?" అనేశాడు నెవిల్. నోటికి బుద్ధి లేదు.

"వచ్చింది. గాలి తగ్గింది. లీడ్స్‌లో వాన. నీ కుర్చీ ఖాళీగా ఉంది. మేడ కింద కూడా నువ్వు లేవు. ఎవరినైనా అడుగుదామని మళ్ళీ పరుగెత్తుకొచ్చాను." ఆమె చెప్పులు చంకలో పెట్టుకుంది. "టీవీ వస్తూ, దాని ముందు నువ్వు లేకపోతే నేనేమనుకోవాలి? చచ్చిపోయావనే అనుకున్నాను నెవిల్."

అతను గడియారం సంగతి చెబుదామనుకున్నాడు, చెట్టు సంగతి, కొత్త ఉపగ్రహం సంగతి. ఒక్కటీ చెప్పడానికి బాగున్నట్టు అనిపించలేదు. మట్టను భుజానికి ఆనించి, ఎడమ చేతిని ఆమె ముందుకు చాపాడు.

"వాచీ తిప్పు. నా చేతులు ఖాళీ లేవు."

డోరీన్ కళ్ళు తుడుచుకుని వాచీ కీని బయటికి లాగింది. "ఎంతదాకా తిప్పమంటావు?"

"ఇక్కడిదాకా" అన్నాడు నెవిల్.