నుహాద్ టీచరు డాబా మీది వైర్లు

మీనా అనే రేవుపట్నంలో మా వీధికి టీవీ అయినా ఇంటర్నెట్ అయినా ఫవ్వాజ్ దయ. పద్దెనిమిదేళ్లుగా వైర్లన్నీ అతనివే. అవన్నీ మా పై అంతస్తులో ఉండే నుహాద్ టీచరు డాబా మీది ఇనుప చట్రం నుంచే ఇళ్లకు దిగేవి. ఇంకొకరి కనెక్షన్ తీసుకుంటామన్న వాళ్లకు మర్నాడే బొమ్మ ఆగిపోయేది.

టీచరు భర్త అదీబ్ ముప్పై ఏళ్లు ఫుట్‌బాల్ రిఫరీగా చేసి, పక్షవాతంతో మంచాన పడ్డాడు. మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. టీవీలో ఎవడైనా తప్పుగా ఆడితే ఆ చెయ్యి పైకి లేపేవాడు. ఆయనకు మిగిలిన ఉద్యోగం అదే.

ఆ వేసవిలో పెద్ద టోర్నమెంటు నడుస్తోంది. బొమ్మ మాటిమాటికీ చెదిరిపోతుంటే, టీచరు కొత్తగా వచ్చిన కంపెనీకి ఫోన్ చేసి వివరాలు కనుక్కుంది. ఆ సంగతి ఫవ్వాజ్ చెవిన పడింది. సెమీఫైనల్ రోజు మధ్యాహ్నం వాళ్ల వైరు పీకేశాడు. ఆవిడ అతని కొట్టుకు వెళ్లి, కోపం ఉంటే నెట్ ఆపుకో, మ్యాచులు మాత్రం రానివ్వమని బతిమాలింది. ఫవ్వాజ్ కాఫీ కప్పులోంచి తల కూడా ఎత్తలేదు.

"ఆ కంపెనీ వాళ్లనే అడగండి టీచరమ్మా. వాళ్లొచ్చేదాకా మీ ఆయన్ని గోడ చూస్తూ ఉండమనండి."

కంపెనీ వాళ్లు రెండు వారాలు పడుతుందన్నారు. తొమ్మిదో రోజున అదీబ్ పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

నలభయ్యో రోజు ప్రార్థనలు అయిపోగానే టీచరు నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. పాతిక ఇళ్లు చేరితే ఆవిడ డాబా మీదే తమ పరికరం పెడతామని కంపెనీ ఒప్పుకుంది. ఎవరు ఏ సీరియల్ చూస్తారో, ఎవరి పిల్లలకు పాఠాలకు నెట్ కావాలో అన్నీ రాసుకుంది. కింది అంతస్తులో ఉండే నిజార్ తల్లి ఉమ్ నిజార్, ఫవ్వాజ్ ఊరుకోడని భయపడింది.

"నీ బుర్రకు కూడికలు ఎక్కించినదాన్ని, నీచేత ఒక సంతకం పెట్టించలేనా?" అంది టీచరు. ఉమ్ నిజార్ పెట్టింది. నేనూ పెట్టాను. ఇరవై తొమ్మిది ఇళ్లయ్యాయి.

కొత్త కనెక్షన్లు వచ్చిన వారానికి, టీచరు తన డాబా ఖాళీ చెయ్యమని ఫవ్వాజ్‌కు కబురు పంపింది. అతను మెట్లెక్కి వచ్చాడు. పక్క రెండు వీధులకూ ఆ చట్రమే ఆధారమని, అది పోతే కొట్టు మూసుకోవాలని మొత్తుకున్నాడు.

"ఆయన పోతాడని నాకేం తెలుసు టీచరమ్మా?"

"పోయినందుకు కాదు," అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఆ తొమ్మిది రోజులూ టీవీ నేనే కట్టేశాననుకున్నాడు. ఎంత చెప్పినా నమ్మక, మొహం తిప్పేసుకున్నాడు. అలాగే పోయాడు. వెళ్లి ఆయనకు చెప్పిరా, కట్టేసింది నువ్వని. చెప్పగలిగితే నీ వైర్లు ఉంచుకో."

శుక్రవారం పట్టపగలు, బాల్కనీల్లో ఆడవాళ్లందరూ చూస్తుండగా, ఫవ్వాజ్ తన చేత్తోనే వైర్లన్నీ విప్పి చుట్టుకున్నాడు. ఆవిడ కుర్చీ వేసుకుని చివరి వైరు దాకా చూసింది. ఇప్పటికైనా మనసు చల్లబడిందా అని తర్వాత అడిగాను. కొంచెం, అంది.

నెల తిరక్కుండానే ఫవ్వాజ్ కొట్టు మూతపడింది. ఈ వీధుల పోకడ తెలిసినవాడని ఆ కంపెనీయే అతన్ని పనిలో పెట్టుకుంది. చలికాలంలో టీచరు నెట్ ఆగిపోతే బాగు చెయ్యడానికి అతనే వచ్చాడు. ఆవిడ తలుపు తియ్యలేదు. వేరే మనిషిని పంపమంది. వేరే మనిషి లేడన్నారు. ఐదు రోజులు అలాగే ఉండిపోయింది. ఆరో రోజు, గుమ్మం తొక్కకుండా డాబా మీంచే చేసుకోమని తలుపు వెనక నుంచి చెప్పింది.

అతను వానలో రెండు గంటలు పైనే ఉన్నాడు. దిగొస్తుంటే వణుకుతున్నాడని నేనే ఒక గ్లాసు టీ ఇచ్చాను. ఆ సంగతి తెలిసి నుహాద్ టీచరు నాతో మూడు వారాలు మాట్లాడలేదు.