బురదలో రెండు నెక్‌బ్యాండ్లు

వంగి నాటు వేసే మనిషి మెడ మీద ఏ నెక్‌బ్యాండ్ నిలుస్తుందన్న విషయం మీద ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు. ఆ లోటు మేమే తీర్చాం. అమరచింత దగ్గర తిరుపతయ్య పొలంలో, మోకాళ్ల దాకా బురదలో నిలబడి తీర్చాం.

అవసరం నా దోస్తు దీపికది. నాగర్‌కర్నూల్‌లో బోరు మోటార్లు అమ్మే కంపెనీ ఒకటి రైతుల ఫిర్యాదులు ఫోన్లో వినడానికి అమ్మాయిలను తీసుకుంటోంది. జయశ్రీ మేడం పొద్దుటిపూట ఎప్పుడైనా ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే మళ్లీ చేయరు అని మెసేజ్ వచ్చింది. ఆ ఫోన్లో గట్టెక్కితే దీపికకు కుర్చీ, ఫ్యాను. లేకపోతే వానాకాలం ఈ బురద, యాసంగికి ఇదే బురద.

ఇంట్లో కూర్చుని కాచుకోవచ్చు కదా అంటారేమో. మా గుంపులో ఒక మనిషి తగ్గితే ఆమె వరస పక్కవాళ్ల నడుము మీద పడుతుంది. గుంపు పెద్ద వెంకటమ్మ పెద్దమ్మ. మనిషి చచ్చిపోయినా ఆమె ఒక పూటే సెలవిస్తుంది, అదీ ముందురోజు చెబితేనే.

చేతులేమో మోచేతుల దాకా బురద. ఫోనేమో పాలిథీన్ కవర్లో చుట్టుకుని నడుములో. అందుకని నెక్‌బ్యాండ్. రెండు దొరికాయి. నల్లది నాది, ఆత్మకూరులో కొన్నాను. నీలంది దీపిక తమ్ముడు రవిది. అతను నిద్రలో ఉండగా అడిగిందట. కాదనలేదట.

ముందు నల్లది. అందులో డప్పు మోత ఎంత ఘనమంటే, పాట మొదలవగానే ఒడ్డులోని ఎండ్రికాయలు సామాన్లు సర్దుకుని పక్క పొలానికి మకాం మార్చాయి. అయితే దీపిక వంగడం, అది మెడ మీద నుంచి జారి గడ్డం కింద వేలాడడం ఒకేసారి జరిగాయి.

"మా బర్రె మెడల గంట గూడ గిట్లనే ఊగుతది" అంది వెంకటమ్మ పెద్దమ్మ.

"గంట ఊగితె పాలిస్తది గద పెద్దమ్మా. ఇది ఏమిస్తది?" అన్నాను.

"నీకు జవాబిస్తె నాటు ఆగుతది. వంగవే."

తర్వాత నీలంది. అందులో పాట గాజు సీసాలో దోమ సంగీతం నేర్చుకుంటున్నట్టు ఉంది. కానీ పట్టు మాత్రం పట్టే. దీపిక వంగినా, లేచినా, బురదలో కాలు జారి సాష్టాంగ నమస్కారం చేసినా మెడను వదల్లేదు. చెవుల్లో బిరడా వేసినట్టు కూర్చుంది. వెంకటమ్మ పెద్దమ్మ పాట ఎత్తుకుంటే జూరాల డ్యాం మీద కాపలావాళ్లు గేట్లు ఒకసారి చూసుకుంటారు. అలాంటిది, ఆమె పక్కనే ఉన్న దీపికకు ఒక్క ముక్క వినపడలేదు.

ఇక మిగిలింది మన గొంతు అవతలికి ఎట్లా పోతుందన్నది. నేను దూరంగా నారుమడి ఒడ్డు మీదకు వెళ్లి, గొంతు సవరించుకుని ఫోన్ చేశాను.

"హలో, దీపికగారా? నేను నాగర్‌కర్నూల్ నుంచి జయశ్రీని మాట్లాడుతున్నాను."

"చెప్పండి మేడం!" అంది దీపిక, నల్లది పెట్టుకుని.

నాకు వెంకటమ్మ పెద్దమ్మ పాట, పక్క పొలంలో ట్రాక్టరు, ఆ ట్రాక్టరు మీదున్న అతని దగ్గు అన్నీ వినిపించాయి. వినపడనిది దీపిక మాత్రమే. దీపిక నీలంది పెట్టుకున్నాక మళ్లీ చేశాను. ఈసారి దీపిక ఒక్కతే వినిపించింది, కాకపోతే కుండలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు.

"మీకు ఎద్దులను ఓదార్చిన అనుభవం ఉందా?" అని అడిగాను, మేడం గొంతుతోనే.

"పొద్దుగాల నుంచి నిన్ను భరిస్తలేనా మేడం?" అంది.

నీలందే ఖాయం చేశాం. పాట కోసం కాదు గదా, ఉద్యోగం కోసం.

"నారు కట్టలు తెచ్చేటప్పుడు ఇంకొక్కసారి చేస్తనే. పాఠం మంచిగ ఒప్పజెప్పు" అన్నాను. దీపిక జవాబులన్నీ బట్టీ పట్టింది. 'నాకు ఓర్పు ఎక్కువ మేడం, నలుగురితో కలిసి పనిచేయడం నాకిష్టం మేడం' అని వారం నుంచి నాకు వినిపిస్తోంది. ఓర్పు గురించి నాకే ఓర్పు పోయింది.

నేను నారుమడి దగ్గరకు వెళ్లి రెండు చేతులా కట్టలు ఎత్తుకున్నాను. తిరిగి వస్తుంటే పాట ఆగిపోయింది. వెంకటమ్మ పెద్దమ్మ పాట మధ్యలో ఆగడం నేను ఎన్నడూ వినలేదు. ఒకసారి మడిలోకి పాము వస్తే, చరణం పూర్తయ్యేదాకా అది కూడా ఆగింది. చూస్తే పెద్దమ్మ నారు పట్టుకున్న చేయి పైకెత్తి అందరినీ ఊరుకోమంటోంది. గుంపంతా వంగినవాళ్లు వంగినట్టే బిగుసుకుపోయారు. మధ్యలో దీపిక ఒక్కతే నాటు వేస్తూ మాట్లాడుతోంది.

"ఆఁ, నాగర్‌కర్నూల్ నుంచి జయశ్రీ మేడం! తెలుసు తెలుసు. చెప్పుండ్రి మేడం, ఏం కత?"

నా రెండు చేతుల్లో కట్టలున్నాయి. నా ఫోన్ ఒడ్డు మీద చెప్పుల పక్కనుంది, నేను ఇంకా చేయనేలేదు. అయితే దీపికతో మాట్లాడుతున్న జయశ్రీ ఎవరు?

"ఈ ఉద్యోగం ఎందుకా? నడుము ఇరుగుతుంది గనుక! ఇంకెందుకు, మోటార్ల మీద ప్రేమతోనా?"

నేను పరుగెత్తాను. బురదలో పరుగెత్తడమంటే, కాలు ముందుకు వస్తుంది, మనిషి అక్కడే ఉంటుంది.

"దీపికా! దీపికా!" అని అరిచాను. చెవుల్లో బిరడాలు. నీలంది తన పని తాను బ్రహ్మాండంగా చేస్తోంది.

"కస్టమర్ తిడితెనా? తిట్టనీ. మోటార్ కాలినోడు తిట్టక ముద్దు పెట్టుకుంటడా? మా నాయిన మోటార్ కాలిననాడు స్తంభాన్ని గూడ తిట్టిండు. మొత్తం తిట్టనియ్యాలె. అయినంక 'పంట ఎంత ఎండిందే అన్నా' అని అడగాలె. మోటార్ సంగతి ఆ తర్వాత. సారీ సర్, సారీ సర్ అంటె ఇంకింత మండుతది."

ఇంకా నాలుగు అంగల దూరం ఉంది.

"జీతమా? జీతం నువ్విస్తవానే, తెల్లమొహందానా! నీ దగ్గర పానీపూరికే దిక్కు లేదు!"

నారు కట్ట విసిరాను. దీపిక ముందు బురదలో పడి ఆమె ముఖమంతా చిందింది. తలెత్తింది. ఎదురుగా నేను. నా చేతిలో ఇంకో కట్ట. ఫోన్ లేదు.

దీపిక నన్ను చూసింది, నా చేతులు చూసింది. బురద కింద ముఖం రంగు మారడం నేను మొదటిసారి చూశాను.

"మేడం..." అంది మెల్లగా. "లైన్ల ఉన్నరా?"

నేను కట్ట పడేసి, ఆమె చెవిలోంచి ఒక బడ్ లాగి నా చెవిలో పెట్టుకున్నాను. ఆ తీగ రెండు మెడల కోసం చేసింది కాదు. మా చెంపలు బురదతో అతుక్కుపోయాయి.

"ఉన్నా" అంది దోమ సంగీతంలో ఒక గొంతు. నిజం మేడం గొంతు నాదాని కంటే మామూలుగా ఉంది.

బట్టీ పట్టినవన్నీ దీపిక నోటి దాకా వచ్చి, అక్కడే ఆగిపోవడం నాకు చెంపలో తెలిసింది.

"మేడం, మా దోస్తు వర్ష అనుకున్న. పొద్దుగాల నుంచి మీ లెక్క మాట్లాడుకుంట సతాయిస్తుంది. నేను నాట్లల్ల ఉన్న, ఎవరు చేసిండ్రో కనపడలేదు. తిట్టింది తప్పే. కానీ మేడం, తిట్లు తప్ప మిగిలింది మాత్రం నిజమే చెప్పిన."

బడ్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆ ఫ్యాను కిందే దీపిక కుర్చీ ఉందో లేదో తెలియాలి.

"పొద్దుటి నుంచి అందరూ నాకు ఓర్పు ఎక్కువ మేడం అంటున్నరు" అంది మేడం, పుస్తకం భాషలో కాకుండా మా యాసలోనే. "పంట ఎంత ఎండిందని అడుగుత అన్నది నువ్వొక్కదానివే. సోమవారం రా. కానీ ఒకటి, తిట్టేది రైతుల పని. మన పని ఇనుడు."

"మంచిగ ఇంట మేడం. కట్టుడు ఏమన్నున్నదా మేడం, డిపాజిట్ గిట్ల?"

"ఏం లేదు. ఆఁ, ఇంతకు నువ్వు పెట్టుకున్నది ఏంది? ఎనక ఒక్క చప్పుడు లేదు. మా ఆఫీసుల హెడ్‌సెట్లు అన్నీ దండుగ. నాట్లల్ల నుంచి మాట్లాడుతున్నవంటె నమ్మబుద్ధి అయితలేదు."

మేమిద్దరం ఒకేసారి గుంపు వైపు చూశాం. ఆడవాళ్లంతా నడుములు వంచి, నోళ్లు మూసుకుని, నారు పట్టుకుని బొమ్మల్లా ఉన్నారు. వాళ్లలో కిష్టమ్మకు తుమ్ము వచ్చినట్టుంది, నోట్లో కొంగు కుక్కుకుంది.

"నీలం నెక్‌బ్యాండ్ మేడం" అంది దీపిక. "కానీ అదొక్కటే చాలదు."

ఫోన్ పెట్టేశాక దీపిక నన్ను కొట్టడానికి చేయెత్తింది, ఏడవబోయింది, చివరికి నవ్వింది. మూడింటికీ బురదే అంటింది.

"పెద్దమ్మా, నేను ఒడ్డు మీద లేనని నీకు కనపడ్డది గద" అన్నాను. "అసలు ఫోనని తెలిసి గూడ దీనికి జర సైగ చేయకపోతివి!"

"నాకేం ఎరుక బిడ్డా" అంది వెంకటమ్మ పెద్దమ్మ. "ఇంటర్వ్యూ అంటె గట్లనే మాట్లాడుతరేమో అనుకున్న. మంచిగనే మాట్లాడుతుందని అందర్ని ఊకోమన్న." దీపిక వైపు తిరిగింది. "వచ్చిందా కొలువు?"

"వచ్చింది పెద్దమ్మా. సోమారం రమ్మన్నరు."

పెద్దమ్మ బురద చేత్తోనే దీపిక తల నిమిరింది. తర్వాత మిగిలిన మడుల వైపు చూసింది, తన గుంపులోంచి పోయే మనిషి వైపు చూసింది, లెక్క కుదరనట్టు నుదురు ముడిచింది.

"సోమారం గదా" అంది. "అప్పటిదాక నా మనిషివే. వంగు."