బావకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చాక మా బావకు మిగిలింది ఒకే ఒక్క మాట. అదీ ఇంగ్లీషు మాట, ‘సెట్’. దాహమేసినా సెట్, దుప్పటి జారినా సెట్, కోపమొచ్చినా సెట్.

“ఇన్ని మాటలుండగా ఇదే దొరికిందా ఈయనకి! నా పేరైనా మిగుల్చుకోలేదు,” అని అక్క విసుక్కునేది.

నాకైతే ఆశ్చర్యం లేదు. బావా నేనూ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కార్యాలయంలో ఎదురెదురుగా కూర్చుని పనిచేశాం. చివరగా మా మీద పడ్డ మాట అదే. పెట్టడం, అమర్చడం, పొద్దు గుంకడం, సిమెంటు గట్టిపడటం, విరిగిన ఎముక అతకడం, జత, ముఠా... తవ్వేకొద్దీ అర్థాలు. నేను పైకి చదివేవాణ్ణి. బావ కళ్ళు మూసుకుని వినేవాడు. పెన్సిలుతో బల్ల మీద ఒకసారి తడితే ఉంచమని, రెండుసార్లు తడితే కొట్టేయమని.

ఆ ఉదయం ఆసుపత్రిలో డాక్టరు దుప్పటి ఎత్తాడు. బావ పాదం నల్లబడి వాసన వేస్తోంది.

“మోకాలి పైదాకా కాలు తీసెయ్యాలమ్మా. లేకపోతే విషం ఒళ్ళంతా పాకుతుంది.”

“సెట్,” అన్నాడు బావ.

“సరేనంటున్నారు,” అంటూ అక్క సంతకానికి కలం తీసింది.

అప్పుడు వినిపించింది. మంచం ఇనుప చట్రం మీద బావ ఎడమచేతి గోరు. టక్ టక్.

“ఆగక్కా!” అని, మా పాత పద్ధతి చెప్పాను, ఒకటైతే అవును, రెండైతే కాదు.

“వణుకేమో,” అన్నాడు డాక్టరు. ఆయన అనుమానమూ న్యాయమే.

“బావా, నేను నీ బావమరిదినేనా?”

టక్.

“నువ్వు బాగా పాడతావా?”

టక్ టక్.

అక్క ఏడుపులోనే నవ్వేసింది. “జన్మలో మొదటిసారి ఒప్పుకున్నారు!”

“కాలు తీసెయ్యమంటావా?”

టక్ టక్.

“తీయకపోతే బతకవు బావా. తెలుసా?”

బావ అక్క వైపు చూశాడు. తర్వాత, టక్.

డాక్టరు తనే వంగి మెల్లగా అడిగాడు. “నొప్పి తెలియకుండా మాత్రం చూడమంటారా?”

టక్.

అక్క నా వైపు తిరిగింది. “నువ్వెందుకు విన్నావురా? ఈపాటికి సంతకం పెట్టేసేదాన్ని కదరా!”

మా ఆవిడ పోయేముందు తనను ఇలా అడిగే వీలు నాకు దొరకలేదు. ఆ మాట అప్పుడు అక్కతో అనేది కాదు.

గోరు కందిపోయిందని నర్సు తన జేబులోని పెన్సిలు తీసి బావ వేళ్ళ మధ్య పెట్టింది. ఆమెకేం తెలుసు! బావ దాన్ని పాత చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

అక్క కలానికి మూత పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“నన్నొక్కదాన్నీ వదిలేసి పోతారా?”

పెన్సిలు గాల్లోకి లేచి అక్కడే నిలిచిపోయింది. ఒకసారీ తట్టలేదు, రెండుసార్లూ తట్టలేదు.

అక్క ఆ చెయ్యి పట్టుకుని మంచం మీదికి దించింది.

“సర్లెండి, చెప్పొద్దులెండి,” అంటూ, నల్లబడ్డ పాదం మీదికి దుప్పటి లాగింది.