ఒకటో లేన్ పక్కన నడక

యోనాకు లోకం మీద నమ్మకం తక్కువ. పాల్వంచ పవర్‌హౌస్‌లో డ్యూటీ ఎక్కే ముందు సైకిల్ తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి. జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు ఒక్కరినే పంపే నాలుగు వందల మీటర్ల ఈతకు ఆయన కూతురు దీవెన దిగుతోందంటే, ఇక ఆ కళ్లు ఊరుకుంటాయా?

కాలనీ ఈతకొలనులో దీవెనది గోడ పక్కన ఒకటో లేన్. రెండోదాంట్లో తండా నుంచి వచ్చిన కళ్యాణి. ఆ పిల్ల మణికట్టుకు తెల్లటి ప్లాస్టరు చుట్టి ఉంది. అది చూడగానే యోనాకు అనుమానం పుట్టింది. పొద్దున జరిగిన తొలి విడతలో ఆ పిల్ల ప్రతి పాతిక మీటర్లూ ఒకే సమయానికి ఈదింది, సెకను అటూ ఇటూ కాలేదు. మనిషన్నాక అలా ఎలా ఈదుతుంది?

"మేడం, ఆ ప్లాస్టర్ కింద చేతి వాచీ ఉన్నది. నీళ్లల్ల బీప్ బీప్ అని కొట్టి స్పీడు చెప్తది. వాచీ పెట్టుకునుడు రూల్‌కు ఖిలాఫ్ గద!" అన్నాడు రెఫరీ రుక్మిణి మేడంతో.

మేడం ప్లాస్టరు విప్పించింది. కింద రొట్టెల పెనం అంటుకుని కాలిన పుండు, ఇంకా పచ్చిగానే ఉంది. కళ్యాణి పళ్లబిగువున ఓర్చుకుంది.

"ఏంది సార్, నా బిడ్డ దొంగనా?" అని ఆమె తండ్రి దేవ్‌సింగ్ మీదికొచ్చాడు.

సిగ్గుపడాలా వద్దా? పడలేదు మన యోనా. చేతికి లేకపోతే టోపీ కింద పెట్టి ఉంటారు, అంతే కదా!

తుది పోటీకి విజిల్ మోగింది. యోనా ఒకటో లేన్ పక్కన గట్టు మీద నడక మొదలుపెట్టాడు. కాలనీ మనిషే కదా అని ఎవరూ ఆపలేదు. కళ్యాణి తల ఎంత జోరుగా పోతే ఆయన కాళ్లూ అంత జోరుగా పోయాయి. ఆమె మలుపు తిరిగితే ఆయనా తిరిగాడు. అటూ ఇటూ కలిపి పదహారు సార్లు. టోపీ ఉబ్బి ఉందా, చెవి దగ్గర ఏమైనా మెరిసిందా, ఒకటే ధ్యాస. మధ్యలో ఉన్న కూతురి మీదుగా చూశాడే గాని కూతుర్ని చూడలేదు మహానుభావుడు. చప్పట్లు మోగాకగాని ఎవరు గెలిచారో తెలియలేదు.

దీవెన గెలిచింది, బెత్తెడు తేడాతో.

"డాడీ!" నీళ్లలోంచే అరిచింది ఆ పిల్ల. "గాలి పీల్చినప్పుడల్లా నువ్వే కనవడ్డవ్. చేతులు గుంజుతుంటే ఇడిసిపెడదామనుకున్న. నువ్వు ఆగుతలేవు, మరి నేనెట్ల ఆగుత? నీ ఎంబడే వచ్చిన!"

ఆ మాట రుక్మిణి మేడం చెవిన పడింది. "యోనా గారూ, వాచీ ఒక్కటే కాదు. గట్టు మీద నడుచుకుంట పిల్లకు స్పీడు చూపిచ్చుడు గూడ నిషేధమే. మీ అమ్మాయి పేరు కొట్టెయ్యాల్సి వస్తది."

దేవ్‌సింగ్‌కు ఇందాకటి కోపం ఇంకా చల్లారలేదు. "ఆయన బిడ్డకేం చూపిచ్చిండు మేడం! మొదటి నుంచి నా బిడ్డనే చూసుకుంట నడిచిండు, దొంగను చూసినట్టు!" అని అరిచాడు. తన కూతురికి రాబోయే చోటు ఆ మాటతో పోతుందని కూడా ఆయనకు తోచలేదు.

మేడం యోనా వైపు తిరిగింది. "నిజమేనా? మీ అమ్మాయి కోసం నడవలేదంటే ఈసారికి వార్నింగిచ్చి ఇడిసిపెడత. ఎవరి కోసం నడిచిండ్రు?"

దీవెన గట్టు పట్టుకుని తండ్రి వంకే చూస్తోంది. ముఖం నిండా నవ్వు. దేవుడా, ఆ నవ్వు చూస్తూ ఎలా చెప్పడం? చెప్పకపోతే బిడ్డ కష్టమంతా నీళ్లపాలు.

"కళ్యాణి మీది అనుమానంతోటి నడిచిన మేడం," అన్నాడు తల వంచుకుని. "నా బిడ్డ దిక్కు ఒక్కసారి గూడ చూడలె."

మేడం దీవెన పేరు రాష్ట్ర పోటీలకు రాసింది. యోనా తువ్వాలు పట్టుకుని నీళ్ల మీదికి వంగాడు. కూతురు అది అందుకోలేదు.

"మరి నేను ఎవరి ఎంబడి ఈదిన డాడీ?" అంది.